మనసులో చెప్పుకున్న మాట

వలసొచ్చి మేముంటున్న టెంఘర్‌లో, గణపతి మండపంలో మనసులు చదివే ఆట ఆడుతున్నాను. మేం సాంచాలనే మరమగ్గాల కార్ఖానాలో కండెలు చుట్టే ఆగమ్మ, చిన్నప్పుడే పోయిన తన చెల్లెలి పేరు చీటీ మీద రాయించి, మడిచి నా చేతికిచ్చింది.

చాటుగా ఆ పేరు చూసేశాను. అయినా వెంటనే చెప్పలేదు. నిజాంపురాలో పాత పుస్తకాల బండి మీద కొన్న నటన పుస్తకంలో ఉంది: కన్నీళ్లు రావాలంటే, బతుకులో నిన్ను అన్నిటికన్నా ఎక్కువ కాల్చే సంగతిని మనసులో మాటలుగా చెప్పుకోవాలి. కళ్లు మూసుకుని చెప్పుకున్నాను. చెంపలు తడిశాక పేరు చెప్పాను.

ఒక్క చప్పట్టూ లేదు. ఆడవాళ్లు కొంగులతో కళ్లొత్తుకున్నారు. నటనంటే ఇదీ అని పొంగిపోయాను.

మర్నాడు కార్ఖానాలో ఆగమ్మ నా ఎదురుగా వచ్చి నిలబడింది. సాంచాల మోతలో గొంతు వినపడదు. ఇక్కడ అందరం ఒకరి పెదవులు ఒకరం చూసే మాట్లాడుకుంటాం.

"మీ నాయిన మట్టికి ఊరికి పోనే పోలేదా బిడ్డా? గుండు కొట్టించుకొని ఈడ పక్కూరు పూర్ణల తాగి పన్నవా?"

"నీకెవలు చెప్పిన్రు?"

"నువ్వే. నిన్న పేరు చెప్పే ముంగట నీ పెదువులు ఆడుతనే ఉన్నయ్."

ఇంకెవరు చూశారని అడగబోయి, చుట్టూ చూశాను. ఏడాది కింద నేను గుండుతో తిరిగొస్తే నన్ను కావలించుకుని ఏడ్చినవాళ్లంతా, తలెత్తకుండా తెగిన దారాలు ముడేస్తున్నారు.