జలుబు మందు వద్దన్నవాడు

"గా సీసా కొనకు సారు."

జనార్ధన్ చేతిలోని జలుబు మందు సీసాను పక్కనుంచి ఎవరో పట్టుకున్నారు.

చూస్తే యాభై దాటిన మనిషి. మాసిన చొక్కా, మందపాటి కళ్లద్దాలు. ముక్కు కారుతోంది. దాన్ని చేత్తోనే తుడుచుకుని, అదే చేత్తో సీసా పట్టుకున్నాడు.

జనార్ధన్ రోతగా ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

మేడ్చల్ బస్ డిపో ఎదురుగా వీరభద్రం మందుల దుకాణం అది. 1998 చలికాలం. ఊరు ఊరంతా తుమ్ముతోంది, చీదుతోంది, ఎక్కడ పడితే అక్కడ ఉమ్ముతోంది. దుకాణం మెట్లెక్కాలంటే కాలు ఎక్కడ పెట్టాలో చూసుకోవాలి. ఇంత రోతలోనూ వీరభద్రం ముఖం మాత్రం వెలిగిపోతోంది. గిరాకీ అలా ఉంది మరి.

"చెయ్యి దియ్" అన్నాడు జనార్ధన్.

"ఎవలికి సారు మందు?"

"మా బిడ్డకు. నీకేంది?"

"ఎన్నేండ్లు?"

"తొమ్మిది నెలలు."

ఆ మనిషి ముఖం మాడిపోయింది.

"గంత పసిపిల్లకు ఇది తాపొద్దు సారు. దీంతోని సర్ది తగ్గది. పిల్ల మత్తుగ పంటది, గంతే. మనం తగ్గిందనుకుంటం."

"మరేం తాపాలె?"

"పాలియ్యుండ్రి. ముక్కు తుడువుండ్రి. వారం దినాలకు అదే పోతది."

"ముందుగాల నీ ముక్కు తుడుసుకో."

దుకాణం ముందున్న వాళ్లంతా పకపకా నవ్వారు.

"వాని మాట పట్టించుకోకు పటేలా" అన్నాడు వీరభద్రం. "నాలుగు దినాల సంది గీడనే నిలబడుతుండు. అందరికీ ఇదే కత. దిమాక్ ఖరాబైంది."

జనార్ధన్ దేవరయాంజాల్‌లో ప్లాట్లు అమ్ముతాడు. అతనికి ఎదురు చెప్పేవాళ్లు ఎవరూ లేరు.

"ఒక సీసా తాపినం. మంచిగ పంటాంది" అన్నాడు కోపంగా.

"ఒకటి తాపిండ్రా?"

ఆ మనిషి సీసా లాక్కుని రోడ్డుకేసి కొట్టాడు. ఎర్రటి మందు జనార్ధన్ తెల్ల ప్యాంటు మీద చిందింది.

జనార్ధన్ అతని చెంప పగలగొట్టాడు. కళ్లద్దాలు ఎగిరిపడి ముక్కలయ్యాయి.

ఆ మనిషి తిరిగి చెయ్యెత్తలేదు. నేల తడుముకుంటూనే, "పిల్లను దవాఖానకు తీస్కపో సారు. జల్దీ తీస్కపో" అన్నాడు.

జనార్ధన్ దుకాణం కుండలోని నీళ్లతో రెండుసార్లు చెయ్యి కడుక్కున్నాడు. చీదరగా చొక్కాకు తుడుచుకుని ఇంకో సీసా కొన్నాడు.

ఇంట్లో పసిపిల్ల రక్షితకు అప్పటికే జరగాల్సినవన్నీ జరిగాయి. ఛాతీకి కర్పూరం నూనె, మాడుకు వాము ముద్ద, మెడలో వెల్లుల్లి దండ, నాలుక మీద అల్లం రసం. పిల్ల దగ్గరికి వెళ్తే పచ్చడి జాడీ వాసన. ఇన్నింటిలో ఒక్కటీ ఆ కారే ముక్కును ఆపలేదు. అయినా ఎవరికీ అనుమానం రాలేదు, ఇంకొకటి వెతికారంతే.

జనార్ధన్ తల్లి సత్యమ్మ మూత నిండా మందు పోసి మనుమరాలికి తాపింది. గంటకు పిల్ల మూలిగితే ఇంకో మూత తాపింది.

"పాలకు గూడ లేస్తలేదత్తమ్మా" అంది కోడలు సుస్మిత.

"పండనియ్యి. మందు పని జేస్తాంది."

"ముక్కు అట్లనే కారుతాంది గదా."

"ఇగ నువ్వు గూడ షురు జేయకు" అని భార్యను కసిరాడు జనార్ధన్.

నాలుగు గంటలకు సుస్మిత పిల్లను ఎత్తుకుంది. మెడ నిలవలేదు. పెదాలు నీలంగా ఉన్నాయి.

జీపులో సికింద్రాబాద్ తీసుకెళ్లారు. డాక్టరు సీసా చూసి తల పట్టుకున్నాడు.

"పసిపిల్లకు ఇదెవరు తాపమన్నారు? జలుబుకు మందు లేదు, దానంతటదే పోతుంది. దీంతో మత్తు వస్తుంది. ఎక్కువైతే ఊపిరి ఆగుతుంది."

జలుబు తగ్గేదాకా రక్షిత బతకలేదు.

దినాలు కాగానే జనార్ధన్ సీసా మీది చిరునామా పట్టుకుని బయల్దేరాడు. మేడ్చల్ ఫ్యాక్టరీల మధ్య ఓ రేకుల షెడ్డు. మురుగు మోరీలో ఎర్రటి నీళ్లు, వాటి మీద ఈగలు. గాలి నిండా తీపి కంపు. ఈ కంపునేనా మూతలు మూతలుగా తన బిడ్డ నోట్లో పోసింది? గేటు పట్టుకుని కక్కుకున్నాడు.

వాచ్‌మన్ ఇస్తారి నీళ్లు తెచ్చిచ్చాడు. జనార్ధన్ ఆ నీళ్లు ముట్టలేదు. అతని కాలరు పట్టుకున్నాడు.

"గీ మందు కలిపేటోడెవడు? బయటికి పిలువు. వాని పానం దీస్త."

"కలిపేటాయన నారాయణ. పన్నెండేండ్లు కలిపిండు. ఇప్పుడు పనికి వస్తలేడు పటేలా."

"యాడున్నా పట్టుకొస్త. ఎందుకు వస్తలేడు?"

"దసరాకు ఆయన మనుమరాలికి సర్ది జేసింది. నా చేతి మందే గదా అని ఒక సీసా ఇంటికి తీస్కపోయి తాపిండు. పిల్ల దక్కలే."

కాలరు మీది చెయ్యి సడలింది.

"ఆయన్ను కొట్టాలనొస్తే నువ్వు ఆలిశమైనవు పటేలా" అన్నాడు ఇస్తారి. "మా మందు డబ్బాలు దిగిన ప్రతి దుకాణం కాడ నిలబడి పసిపిల్లలకు తాపొద్దని బతిమాలుతుంటే, మొన్న డిపో ముంగట ఎవడో కొట్టి కండ్లద్దాలు పలగ్గొట్టిండంట."