చెవి వెనక చుక్క

"మేడమ్... ఊపిరి అందట్లేదు!"

సెలూన్ కుర్చీలోని న్యూస్ రీడర్ రెండు చేతులతో గొంతు పట్టుకుంది. కళ్ళు మూసుకుపోయేంతగా ముఖం వాచింది. తలకు పూసిన రంగు నల్లటి చారలుగా మెడ మీదికి కారుతోంది.

మేడమ్ చేతిలోంచి బ్రష్ జారిపడింది. ఊళ్ళో పేరున్న ప్రతి తలా ఆ చేతుల కిందికి వచ్చిందే.

"అంబులెన్స్‌కి ఫోన్ చెయ్యండర్రా!"

ఎవరూ ఫోన్ తీయకముందే గుమ్మం ముందు సైరన్ మోగింది.

గంట తర్వాత ఇన్‌స్పెక్టర్ వచ్చాడు.

"బతుకుతుందా?" అడిగింది మేడమ్.

"గొంతులో గొట్టం వేశారు. ఇంకా చెప్పలేమంటున్నారు." అతను కుర్చీ చుట్టూ ఒకసారి తిరిగాడు. "ఒక్కటే చిక్కు మేడమ్. ఆ అమ్మాయికి ఊపిరాడకుండా పోయింది మూడుంబావుకి. అంబులెన్స్‌కి ఫోన్ వెళ్ళింది మూడూ పదికి. జరగబోయేది ముందే ఎవరికి తెలుసు?"

మేడమ్ వంగి కిందపడ్డ బ్రష్ తీసింది. తెలిసింది ఇద్దరికి.

మొన్న తల కడుగుతున్నప్పుడు, సెలూన్లో తలలు కడిగే పిన్ని, పడుతుందో లేదో చూద్దామని ఆ అమ్మాయి చెవి వెనక ఒక చుక్క రంగు పెట్టింది. ఇవాళ రంగు వేసేముందు చూస్తే అక్కడ గుండీ అంత ఎర్రటి దద్దు.

"ఈ రంగు ఆమెకు పడదమ్మా. వద్దు" అంది పిన్ని, మేడమ్‌కి దద్దు చూపిస్తూ.

"తలలు కడిగేదానివి, నాకు నేర్పుతావా? ఏడింటికి ఆమె టీవీలో కనబడాలి. నువ్వు మాత్రం ఇంకెప్పుడూ నాకు కనబడకు!"

అందరి ముందూ గెంటేసింది.

"ఫోన్ చేసిన మనిషి దొరికింది సార్. ఎదురుగా రోడ్డు మీదే నిలబడి ఉంది."

కానిస్టేబుల్ పిన్నిని లోపలికి తెచ్చాడు. తలకు గుడ్డ, చేతులకు ఎప్పటిలాగే రబ్బరు గ్లౌజులు. టీ తాగేటప్పుడు కూడా తీయదని పనిపిల్లలు 'గ్లౌజుల పిన్ని' అని ఏడిపిస్తుంటారు.

"రంగు ఎవరు కలిపారు మేడమ్?"

మేడమ్ గోడ వైపు చూసింది. అక్కడొక పాత ఫోటో. ముఖం లేదు, కత్తెర పట్టిన రెండు చేతులే. ఆ చేతులున్న ఆవిడను లోకం 'బంగారు కత్తెర' అనేది. ఆ చేతులు చూసే మేడమ్ ఈ పనిలోకి వచ్చింది. పాతికేళ్ళ కిందట ఆవిడ సెలూన్లో ఒక పెళ్ళికూతురు ఇలాగే వాచిపోయి చనిపోయింది. తల కడిగే పిల్ల రంగు తప్పు కలిపిందన్నారు. ఆ పిల్ల జైలుకెళ్ళింది. బంగారు కత్తెర మళ్ళీ ఎవరికీ కనిపించలేదు.

మేడమ్ పిన్ని వైపు వేలు చూపించింది.

"ఆవిడే" అంది. "పనిలోంచి తీసేశానని కక్ష. నాకు తెలీకుండా ఏదో కలిపేసింది."

పిన్నికి కోపం రాలేదు. అలిసిపోయినట్టు నవ్వింది.

"అచ్చం ఇవే మాటలు. అప్పుడూ ఇలాగే నమ్మారు."

"ఎప్పుడు?" ఇన్‌స్పెక్టర్ అడిగాడు.

"ఏం లేదు బాబూ. సంతకం ఎక్కడ పెట్టాలి?"

"అంటే, ఒప్పుకుంటున్నావా?"

"పెన్ను ఇవ్వు బాబూ."

పిన్ని గ్లౌజులు తీసి బల్ల మీద పెట్టింది. కాగితం కదలకుండా ఎడమచేత్తో అదిమిపెట్టి సంతకం చేసింది. ఆ చేతికి చిటికెనవేలు సగమే ఉంది.

మేడమ్ తల తిప్పింది. గోడ మీద, కత్తెర పక్కన, అదే సగం వేలు. ఆనాడు తల కడిగే పిల్ల మీదికి నేరం నెట్టిన చెయ్యి, ఇవాళ అలాంటి నేరాన్నే తన మీద వేసుకుంటోంది.

"నడు" అన్నాడు కానిస్టేబుల్.

పిన్ని గుమ్మం దాకా వెళ్ళింది. మేడమ్ నోరు విప్పితే సెలూన్, పేరు, సర్వం పోతాయి. విప్పకపోతే...

బల్ల మీది ఖాళీ గ్లౌజులు మేడమ్ వైపే వేళ్ళు చాచి ఉన్నాయి.

"ఆగండి సార్!" ఆ గొంతు తనదేనా అనిపించింది మేడమ్‌కి. "ఆవిడ బంగారు కత్తెర. దద్దు చూసి కూడా రంగు వేసింది... నేను."