పురుగుకు నామకరణం

"పురుగుకు మీయమ్మ పేరా? ఆమేమన్నా సైంటిస్టా?" బాలసుబ్రమణ్యం సారు కళ్లద్దాలు తీసి బల్లమీద పడేశాడు.

ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న రూపశ్రీ తల వంచుకుని నిలబడింది. చిత్తూరు చుట్టుపక్కల తోటలన్నీ తిరిగి ఆమె పట్టుకున్న రెక్కలపురుగు అది. దాని బంధువర్గం అమెరికాలో బోలెడంత ఉంది గానీ, ఇది మాత్రం లోకానికి కొత్త. ఈ శాస్త్రంలో ఎవరి పేరు వాళ్లే పెట్టుకోవడం మర్యాద కాదు, పక్కవాళ్లు పెట్టాలి. సారుకొచ్చిన కష్టమల్లా అదే.

"నా పేరు పెట్టు. లేదంటే థీసిస్ మీద సంతకం ఎవురు పెడతారో నువ్వే సూసుకో" అన్నాడు.

రూపశ్రీ కళ్లు తుడుచుకుని సరేనంది. సారు అక్కడికక్కడే సంతకం గిలికేశాడు. లోపల ఏముందో చదివే దురలవాటు ఆయనకు మొదట్నుంచీ లేదు.

తిరుపతిలో సన్మానసభ పెట్టారు. శాలువా, గజమాల, పేపరువాళ్లు, అన్నీ సారే ఏర్పాటు చేయించుకున్నాడు. మైకు పట్టుకుని అమెరికా పురుగుల కథ మొదలుపెట్టాడు. అక్కడి పురుగు రెక్కలు రాకముందు, గొంగళిగా ఉన్నప్పుడు, ఆకును అంచునుంచి కొరుక్కుతిని, తిన్నచోటే ఒదిగి, తానే ఆకునన్నట్టు కూర్చుంటుందట. కదిలిస్తే యాసిడ్ చిమ్ముతుందట. ఆయన శిష్యులు నవ్వు ఆపుకుంటూ పెదవి బిగించి విన్నారు. వాళ్లకింకా సంతకాలు కావాలి మరి.

ప్రశ్నలుంటే అడగమన్నారు. వెనక వరసలోంచి కుప్పయ్య అనే మామిడి రైతు లేచాడు.

"పేపర్లో పురుగు ఫోటో సూసి వచ్చినాను సార్. మా తోటంతా బాలసుబ్రమణ్యం పట్టినాడు. ఒక్క ఆకు మిగల్లేదు. వాణ్ణి సంపేదానికి ఏం మందు కొట్టాల?"

హాలంతా గొల్లుమంది. ఇంకో రైతు లేచి, తమ ఊళ్లో కూడా బాలసుబ్రమణ్యం పీడ ఎక్కువైందన్నాడు. సారు మంచినీళ్ల కోసం చుట్టూ చూశాడు.

ముందు వరసలో రూపశ్రీ తల్లి మునిరత్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూతురి చెవిలో గొణిగింది. "నా పేరు పెట్టుంటే నన్ను సంపమనుందురు గదమ్మా. దేవుడు కాపాడినాడు."

"చెట్లను మోడు చేసే పురుగుకు నీ పేరెందుకు పెడతానమ్మా? నీ పేరు పెడతానంటేనే గదా, ఆయన తన పేరు పెట్టమని పట్టుబట్టేది."