మేడ మీద నీళ్లు

“అమ్మా, నిన్ను పనిలోంచి తీసేసిన కంపెనీ నుంచి ఎవరో వచ్చారు!” గుమ్మంలోంచే కేకేసింది కూతురు. దారి మాత్రం ఇవ్వలేదు. “ఆ ఇంజనీరు పంపాడా?”

వచ్చినవాడు చెప్పులు విప్పుతూ తల దించుకున్నాడు. “లేదండీ. నేను ఆఫీసు గుమాస్తాని. ఆయన బదిలీ అయి వెళ్లిపోయాడు.”

అబద్ధం. ఆ ఇంజనీరు అతనే. నెల కిందట ఇరవై అంతస్తుల మేడ మీద, సోలార్ పలకలపై బకెట్లతో నీళ్లు గుమ్మరిస్తున్న ఈ ముసలావిడను “నీ అబ్బ సొమ్మా నీళ్లు?” అని నలుగురిలో కడిగేసి పని మానిపించింది అతనే. ఆ రోజు ఎండకి తలకూ మూతికీ గుడ్డ చుట్టుకున్నాడు, నల్లద్దాలు పెట్టుకున్నాడు. ఆనవాలు పట్టరులే అన్న ధైర్యంతోనే ఇప్పుడు ఈ గడప తొక్కాడు.

ఆవిడ అతన్ని లోపలికి పిలిచి కూర్చోబెట్టి, మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది.

“అసలు నీళ్లెందుకు పోశారండీ?”

“పలకలు తుడవబోతే చెయ్యి చుర్రుమంది బాబూ. పిల్లకి జ్వరమొస్తే తడిగుడ్డ వెయ్యమూ? అలాగే.”

పలకలు వేడెక్కితే కరెంటు తగ్గుతుందని చదువుకున్నవాడే అతను. అయినా పని త్వరగా తేలాలని కింద గాలి ఆడే సందు లేకుండా శ్లాబుకి అతికించినట్టు బిగించేశాడు. ఈవిడ పని పోయిన మర్నాటి నుంచే కరెంటు పడిపోయింది. తన తప్పు ఇన్నాళ్లూ ఎవరి బకెట్టు కాచిందో అప్పుడు తెలిసింది.

“మిమ్మల్ని మళ్లీ రమ్మంటున్నారు,” అని కాగితం చేతికిచ్చాడు.

“క్షమాపణ ఏదీ?” కూతురు ముందుకొచ్చింది. “ఆ మహానుభావుడు ఎదురుపడాలే గానీ, ఉన్నపళంగా దులిపేస్తాను. ఎలా ఉంటాడమ్మా?”

అతను గ్లాసు ముఖానికి అడ్డంగా ఎత్తి గడగడా తాగేశాడు.

“ఏమో, ముఖం చూస్తేగా!” అంది తల్లి. “ఊరుకోవే. ఎండలో తల మాడితే ఎవరి నోరైనా జారుతుంది.”

“మెత్తనివాళ్లని చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అన్నారా?” విసుక్కుంది కూతురు.

చెప్పేద్దామని రెండుసార్లు నోరు తెరిచాడు. రెండుసార్లూ “ఎండ బాగా ఉందండీ” అన్న మాటే బయటికొచ్చింది. తన పిరికితనానికి తనకే రోత పుట్టింది. గ్లాసు కింద పెట్టి లేచాడు.

ఆవిడ వీధి మలుపు దాకా సాగనంపింది. కూతురు లోపలికి వెళ్లిందని వెనక్కి తిరిగి చూసి తేల్చుకుంది. అప్పుడు మెల్లగా అంది:

“జాగ్రత్తగా వెళ్లిరండి, ఇంజనీరుగారూ.”