చవక పెట్రోలు

“ఫుల్ ట్యాంక్ కొట్టండి,” అన్నాడు వీరబాబు, యానాం బంకులో తన ఎర్ర స్పోర్ట్స్ కారు ఆపి.

ఆంధ్రా కంటే ఇక్కడ పెట్రోలు చవకని, ప్రతి ఆదివారం భార్యని ఎక్కించుకుని కాకినాడ నుంచి పనిగట్టుకుని వస్తాడు.

“లీటరుకి ఎంతిస్తాదండీ ఇది?” అడిగింది సౌజన్య.

“అయిదు. గోతులొస్తే నాలుగు.”

సౌజన్య వేళ్ళు మడిచి లెక్క వేసింది.

“ఏవండీ, ఇక్కడ మనకి మిగిలేదాని కంటే రానూపోనూ ఇది తాగేదే ఎక్కువండీ.”

“తెలుసు.”

“తెలిసీ ఎందుకండీ మరి? టైర్ల ఖర్చొకటి, సర్వీసింగొకటి! ఆ డబ్బుకి పెద్ద కారొచ్చేది. అత్తయ్యగారూ, మావయ్యగారూ, మీ తమ్ముడూ, తోడికోడలూ, దాని పిల్లలూ... అందరూ పట్టేవోరు.”

“పట్టేవోరు,” ఒప్పుకున్నాడు వీరబాబు. “ఎక్కేవోరు కూడా.”

సౌజన్య కారులోకి చూసుకుంది. ఉన్నవి రెండే సీట్లు. ఇంత మంది ఉన్న ఇంట్లో, వాళ్ళిద్దరూ నోరు విప్పి మాట్లాడుకునేది వారానికోసారి, ఈ దారిలోనే.

కిటికీలోంచి తల బయటపెట్టింది.

“ఏవండీ బంకుగారూ, సగం ట్యాంకే కొట్టండి.”

“సగమేంటే?” అన్నాడు వీరబాబు.

“నిండా కొట్టిస్తే మళ్ళీ ఆదివారం దాకా రావక్కర్లేదండీ.”