తాబేటిపిల్ల దీపం

2024 జనవరి పద్దెనిమిది, గురువారం. కువైట్ దేశం, ముబారక్ అల్ కబీర్‌లోని పశువైద్యుడి గదిలో ఉన్నది ముగ్గురు: వైద్యుడు, డ్రైవరు ఆంజి, పనిమనిషి మద్దమ్మ. నాలుగో ప్రాణి, ఆ పనివాళ్లిద్దరూ మామా అని పిలిచే యజమానురాలి తాబేటిపిల్ల, అట్టపెట్టెలో మెడ ముడుచుకుని కదలకుండా ఉంది.

వైద్యుడి అరబ్బీని ఆంజి తెలుగులో చెప్పాడు. "అత్తా, ఇంట్లో వేడిదీపం దాని పక్కనే వెలుగుతాందా అని అడుగుతాండాడు."

"వెలుగుతాంది నాయనా."

"అట్లయితే చలి కాదు, రోగమేనంట. సూది వేస్తాడంట. ఇంత పిల్ల తట్టుకుంటాదో లేదో చెప్పలేనంటాండాడు."

గోరంత కాలి దగ్గరికి సూది రాగానే మద్దమ్మ అరచెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దను ఆంజీ! దీపం నా కాడుంది. మిద్దెమింద గదిలో మోకాళ్లు బిగుసుకపోతాంటే, వారం నుంచి ఎత్తకపోయి కాపుకుంటాండా." ఆమె తల ఎత్తలేదు.

"నీ కిటికీలో ఎర్రగా వెలుగుతాంటే నేనూ చూసినా అత్తా. ముసలి మోకాళ్లకు వెచ్చగుంటే చాల్లే అనుకున్యా. దీని సంగతి నాకూ తట్టల్యా."

ఆంజి ఆ సంగతి అరబ్బీలో చెప్పగానే వైద్యుడు సూది పక్కన పెట్టి, పిల్లను గోరువెచ్చని నీళ్లలో ఉంచాడు. కాసేపటికి మెడ మెల్లగా బయటికి వచ్చింది. దాని కళ్లలోకి చూడలేక మద్దమ్మ ముఖం తిప్పుకుంది.

దీపం తీసెయ్యడమే కారణమని వైద్యుడు కాగితం రాసి, సాకేవారి సంతకం అడిగాడు. ఆంజి పెన్ను అందుకోబోయాడు. "నేను పెడతాలే. మామా చూసిందంటే నిన్ను ఊరికి పంపించేస్తాది."

"తీసింది నేను. ఇట్లియ్యి."

మద్దమ్మ తెలుగులో సంతకం పెట్టి, కాగితం మడిచి, మామాకు అందాల్సిన రసీదుల సంచిలో అన్నిటికన్నా పైన పెట్టింది.