పదకొండో ఫోను

పదకొండో ఫోను మళ్లీ తెగిపోయింది.

ఎఫ్రెన్ హెడ్‌సెట్ తీసి బల్లకేసి కొట్టాడు.

తుఫాను లేయ్టే దీవిలో తీగలన్నీ తెంపేసింది. వరదలో చిక్కుకున్నవాళ్ల ఫోన్లు పక్క దీవి సెబూ మీదుగా, ఒక్క ఉపగ్రహం దారినే ఈ సహాయ కేంద్రానికి రావాలి. ఆ ఇరుకు దారిలో పట్టేలా గొంతుల్ని కుదించేది కోడెక్. దానికి కంపెనీ ఇచ్చిన లైసెన్సు పది ఫోన్లకే. పదకొండోది కలిసిన క్షణానికే కట్.

పక్కన అన్నం డబ్బా తెరిచి ఉంది. పెళ్లయి పదహారు రోజులు. భార్య లూద్విన ఇవాళ ఉప్పుగుడ్డును నెలవంకలా కోసి అన్నం మీద పెట్టింది. ఆమె ఉన్నది ఏటి ఒడ్డు ఇంట్లో. పొద్దుటి నుంచీ కబురు లేదు.

"బాబూ, ఇక్కడ ఏ కోడెక్ వాడుతున్నారు?"

గుమ్మంలో ఎవరో ముసలాయన. ఒళ్లంతా తడి.

ఎఫ్రెన్‌కి ఒళ్లు మండింది. పోయిన వారం కంపెనీ మనిషి అడిగిందీ ఇదే మాట. మర్నాడు లైసెన్సు లేదంటూ కోర్టు కాగితం చూపించి, ఫోన్లు కలిపే రెండో యంత్రాన్ని ఎత్తుకుపోయారు.

"గోర్యో, మళ్లీ వచ్చార్రా. తలుపెయ్."

కాపలావాడు గోర్యో ముసలాయన జేబులోంచి కార్డు లాగి చదివాడు. "సలుస్తియానో ఇబాన్యెస్ అట. పేరుకి పెద్దమనిషే." కార్డు అన్నం డబ్బా పక్కన పడేశాడు.

"జనం చస్తుంటే లైసెన్సులు చూడ్డానికొచ్చావా తాతా?"

"కాదయ్యా. సెబూ వైపు కోడెక్ మార్చేసే వచ్చాను. ఈ వైపు కూడా ఒక్కసారి..." యంత్రం వైపు చెయ్యి చాచాడు.

ఆ చేతి మీద గోర్యో లాఠీ పడింది. ఎముక విరిగిన చప్పుడు. ఎఫ్రెన్ గుద్దుకి పెదవి చిట్లింది. కింద పడ్డాక కూడా ఎఫ్రెన్ బూటు ఆగలేదు.

"జాబితాలో చివరిది," అన్నాడు ముసలాయన నెత్తురు ఉమ్మి. "చివరిది పెట్టు బాబూ."

"నాకే పాఠాలు చెప్తున్నాడు చూడు."

ఇద్దరూ ఈడ్చుకెళ్లి మెట్ల మీంచి తోశారు. తల రాతి అంచుకి తగిలింది. వీధిలో పారుతున్న బురదనీరు ఆయన్ని లాక్కుపోయింది.

"ఈదుకుంటూ పోతాడులే," అన్నాడు గోర్యో.

లోపల ఫోను మోగింది.

"ఎఫ్రెన్, నేనే. చర్చికి చేరాం, నీళ్లు కప్పుదాకా..."

పదకొండోది. తెగింది.

ఎఫ్రెన్ కోడెక్‌ల జాబితా తెరిచాడు. చివరిది ఉచితం. ఊరికే దొరికేవి ముట్టుకుంటే కేసేనని కంపెనీ లాయరు చెప్పినప్పటి నుంచీ అటు చూడలేదు. ఇప్పుడు నొక్కాడు.

పదకొండు. పన్నెండు. ముప్ఫై. గదంతా గొంతులు.

"చర్చి కప్పు మీదున్నాం, తొమ్మిదిమందిమి," అంది లూద్విన. "పడవ పంపు. అన్నం తిన్నావా నువ్వు?"

పడవ వెళ్లింది.

అప్పుడు ఎఫ్రెన్ ఊపిరి పీల్చుకుని, తెర మీద ఆ కోడెక్ లైసెన్సు చదివాడు.

"దీన్ని కనిపెట్టింది నేను. పేటెంటు హక్కు వదిలేశాను. ఎవరైనా వాడుకోండి. ఎవరినీ అడగక్కర్లేదు."

ఆ మాటల కింద ఉన్న పేరూ, అన్నం డబ్బా పక్కన తడిసి పడున్న కార్డు మీది పేరూ ఒక్కటే.